‘అనాయ్డ్’ అంటే ఏమిటి, ఎలా వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

‘అనాయ్డ్’ చిన్న మాటే. కానీ ఇంగ్లిష్ బాగా చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు దీని దగ్గర తడబడటం చాలాసార్లు చూశాను. అది తెలివికి సంబంధించిన సంగతి కాదు. తెలుగులో ‘చిరాకుగా’ అనే ఒక్క మాటతో రెండు పనులు చేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ రెండు పనులకూ రెండు మాటలున్నాయి. చిక్కంతా అక్కడే. మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలన్నీ ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## మొదట అర్థం

‘అనాయ్డ్’ అంటే తెలుగులో ఏమిటి?

చిరాకు పడిన, చికాకు కలిగిన అని అర్థం. మనకు నచ్చనిది జరిగినప్పుడు, లేదా మన పనికి ఎవరైనా, ఏదైనా అడ్డు తగిలినప్పుడు మనసులో రేగే చిన్నపాటి కోపం ఇది. ఇంగ్లిష్‌లో ఇది విశేషణం. చిరాకు కలిగించిన వస్తువుకో మనిషికో కాదు, చిరాకు పడుతున్న మనిషికి తగిలించే మాట. ‘షి ఈజ్ అనాయ్డ్’ అంటే ఆమె చిరాకుగా ఉంది, ఆమెకు చిరాకేసింది అని.

కోపానికీ దీనికీ తేడా ఏంటి? రెండూ ఒకటే కదా?

రెండూ ఒకే కుటుంబం, కానీ స్థాయి వేరు. ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కవాళ్లు గట్టిగా నవ్వితే అనాయ్డ్ అవుతాం. మన గురించి లేనిపోనివి పుట్టించారని తెలిస్తే యాంగ్రీ అవుతాం. ‘అనాయ్డ్’లో అన్యాయం జరిగిందన్న భావన అంతగా ఉండదు. కారణం తొలగిపోతే చిరాకూ పోతుంది. కోపం అలా కాదు, కారణం పోయాక కూడా నిలిచి ఉండగలదు. అందుకే పెద్ద గొడవ గురించి చెబుతూ ‘అనాయ్డ్’ అంటే వినేవాళ్లకు విషయం తేలికైపోతుంది. చిన్న విషయానికి ‘యాంగ్రీ’ అంటే వాళ్లు కంగారు పడతారు.

నాకు విసుగ్గా ఉంది అన్నా ఇదేనా?

ఒక్కోసారి అవును, ఒక్కోసారి కాదు. తెలుగులో ‘విసుగు’ రెండు దిక్కులా నడుస్తుంది. చేయడానికేమీ లేక గోడవైపు చూస్తూ కూర్చున్నా ‘విసుగ్గా ఉంది’ అంటాం, ఎవరో అడిగిందే అడుగుతుంటే కూడా ‘విసుగొస్తోంది’ అంటాం. మొదటిదానికి ఇంగ్లిష్‌లో ‘బోర్డ్’. రెండోదానికి ‘అనాయ్డ్’. ఉపన్యాసం సాగిపోతుంటే ఆవలింత వచ్చింది అనుకోండి, మీరు బోర్డ్. అదే ఉపన్యాసంలో పక్కాయన పెన్ను టకటకలాడిస్తుంటే మీరు అనాయ్డ్. ఇంగ్లిష్‌లో చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి, నాకు నిద్ర వస్తోందా, ఒళ్లు మండుతోందా అని చూసుకుంటే చాలు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో ‘ఒడియమ్’ అంటే ద్వేషం. ‘ఇన్ ఒడియో’ అనే పదబంధం నుంచి ‘ద్వేషం పుట్టించు’ అనే అర్థంలో ఒక క్రియ తయారైంది. అది పాత ఫ్రెంచ్‌లోకి, అక్కడి నుంచి 13వ శతాబ్దం నాటికి ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘అనాయ్’ అయింది. దారిలో ద్వేషమంతా కరిగి చిరాకు మాత్రం మిగిలింది. నాకు బాగా నచ్చే సంగతి మరొకటుంది. అదే మూలం నుంచి ఫ్రెంచ్‌లో ‘ఆన్వీ’ అనే మాట కూడా పుట్టింది, ఏమీ తోచని నిస్సారమైన విసుగు అని దాని అర్థం. తర్వాతి కాలంలో దాన్నీ ఇంగ్లిష్‌వాళ్లు తెచ్చుకున్నారు. అంటే ఒకే వేరుకు చిరాకు ఒక కొమ్మ, తోచకపోవడం ఇంకో కొమ్మ. మన ‘విసుగు’ ఆ రెండింటినీ ఒకే మాటలో మోస్తోంది.

ఎందుకో తెలీదు, పొద్దున్నుంచి చిరాకుగా ఉంది. దీనికి ‘అనాయ్డ్’ వాడొచ్చా?

అంతగా కుదరదు. ‘అనాయ్డ్’ అనగానే వినేవాళ్లకు వెంటనే వచ్చే ప్రశ్న: ఎవరి మీద? దేనికి? ఆ మాట వెనక ఒక కారణం ఉండాలి. కారణం లేని చిరాకుకు, నిద్ర చాలకో ఒంట్లో బాగోలేకో వచ్చే చిరచిరకు ‘ఇరిటబుల్’ అనే మాట సరిపోతుంది. ‘ఐ యామ్ ఫీలింగ్ ఇరిటబుల్ టుడే’ అంటే ఈ రోజు చిన్న విషయానికే చిర్రుబుర్రులాడేలా ఉన్నాను అని. స్వభావంలోనే చిరాకున్న మనిషి గురించి చెప్పాలన్నా ఇదే మాట. ‘అనాయ్డ్’ స్వభావాన్ని చెప్పదు, ఆ క్షణపు మనఃస్థితిని చెబుతుంది.

## పలకడం, రాయడం

ఎలా పలకాలి? అన్నాయ్డా, అనాయెడ్డా?

రెండే అక్షరాలుగా పలకాలి: అ, నాయ్డ్. మొదటి ‘అ’ చాలా తేలిగ్గా, దాదాపు మింగేసినట్టు రావాలి. బలమంతా ‘నాయ్డ్’ మీద పడాలి. రాతలో రెండు ‘ఎన్’లు ఉన్నాయని ‘న్న’ అని ఒత్తనక్కర్లేదు, ఒక్క ‘న’ చాలు. చివర ‘యెడ్’ అని విడదీయకండి. ‘అవాయిడ్’, ‘ఎంజాయ్డ్’ అనే మాటలతో ప్రాస కుదురుతుంది, వాటితో కలిపి నాలుగుసార్లు పైకి అనుకుంటే నోరు తిరుగుతుంది.

స్పెల్లింగ్‌లో ‘వై’ తీసేసి ‘ఐ’ పెట్టాలా?

వద్దు. ఏ, ఎన్, ఎన్, ఓ, వై, ఈ, డీ. ‘వై’కి ముందు అచ్చు ఉంటే సాధారణంగా అది మారదు. ‘ప్లేడ్’, ‘ఎంజాయ్డ్’లో కూడా అందుకే ‘వై’ అలాగే ఉంది. హల్లు ఉంటేనే ‘ఐ’ అవుతుంది, ‘వరీడ్’, ‘క్యారీడ్’లో లాగా.

## వాక్యంలో పెట్టేటప్పుడు

‘ఐ యామ్ అనాయింగ్’ అన్నాను, అవతలివాళ్లు వింతగా చూశారు. ఏం తప్పు?

మీరు చెప్పాలనుకున్నది ‘నాకు చిరాకుగా ఉంది’ అని. వాళ్లకు వినిపించింది ‘నేను చిరాకు పుట్టించే మనిషిని’ అని.

ఈ తప్పు ఎందుకు వస్తుందో చూద్దాం. తెలుగులో ‘నాకు చిరాకుగా ఉంది’ అంటాం, ‘ఆ చప్పుడు చిరాకుగా ఉంది’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘చిరాకుగా ఉంది’ అన్నది మారలేదు. అనుభవిస్తున్నది నేను, కలిగిస్తున్నది చప్పుడు. ఆ తేడా మనకు ‘నాకు’ అనే మాటలోని ‘కు’ చెప్పేస్తుంది, కాబట్టి ‘చిరాకుగా’ మారాల్సిన అవసరమే లేదు. ఇంగ్లిష్‌లో ఆ ‘కు’ లేదు. ‘ఐ యామ్’, ‘ద నాయిస్ ఈజ్’, రెండూ ఒకేలా మొదలవుతాయి. అందువల్ల తేడా చెప్పే భారమంతా విశేషణం చివర పడింది. అనుభవించేవారికి ‘ఈడీ’, కలిగించేదానికి ‘ఐఎన్‌జీ’.

‘ఐ యామ్ అనాయ్డ్’: నాకు చిరాకుగా ఉంది. ‘ద నాయిస్ ఈజ్ అనాయింగ్’: ఆ చప్పుడు చిరాకు పుట్టిస్తోంది.

ఇంకో కారణం కూడా ఉంది. ‘ఇప్పుడు’ జరుగుతున్న పనికి ‘ఐఎన్‌జీ’ పెట్టాలని చిన్నప్పుడే నేర్చుకుంటాం. ఇప్పుడే కదా చిరాకుగా ఉంది అని చేయి అటే వెళ్తుంది. కానీ ఇక్కడి ‘ఐఎన్‌జీ’ కాలాన్ని చెప్పడం లేదు, ఎవరి వల్ల అన్నది చెబుతోంది. ఈ ఒక్క ముడి విప్పుకుంటే ‘బోర్డ్, బోరింగ్’, ‘టైర్డ్, టైరింగ్’, ‘కన్ఫ్యూజ్డ్, కన్ఫ్యూజింగ్’ లాంటి జంటలన్నీ వాటంతట అవే దారిలోకి వస్తాయి. ఈ మాట గురించి ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే, ఇదే నేర్చుకోమంటాను.

మరి ‘హి ఈజ్ అనాయింగ్ మి’ అని వింటాం కదా, అది కరెక్టేనా?

కరెక్టే. అక్కడ ‘అనాయింగ్’ విశేషణం కాదు, క్రియ. ‘అతను నన్ను విసిగిస్తున్నాడు’ అని అర్థం. వెనక ‘మి’ అనే కర్మ ఉంది చూడండి, అదే గుర్తు. ‘మి’ తీసేసి ‘హి ఈజ్ అనాయింగ్’ అంటే ‘అతను చిరాకు మనిషి, విసిగించే రకం’ అని అర్థం మారిపోతుంది. మొదటిది ఇప్పుడు చేస్తున్న పని. రెండోది ఆ మనిషి మీద తీర్పు.

‘టు మి’ అని ఎందుకు పెట్టకూడదు? నాకు చిరాకు అంటాం కదా?

తెలుగులో ఆకలి, భయం, కోపం, చిరాకు అన్నీ మనకు ‘వస్తాయి’, మనకు ‘వేస్తాయి’. మనం వాటిని అందుకునేవాళ్లం. ఇంగ్లిష్‌లో మనిషినే వాక్యానికి ముందు నిలబెట్టి ‘నేను ఇలా ఉన్నాను’ అని చెబుతారు. కాబట్టి ‘అనాయ్డ్ టు మి’ అనే రూపం లేదు, ‘ఐ యామ్ అనాయ్డ్’ అంతే. ‘టు మి’కి ‘అనాయింగ్’ పక్కన మాత్రం కొంత చోటుంది. ‘దిస్ ఈజ్ వెరీ అనాయింగ్ టు మి’ అనొచ్చు.

‘ఐ యామ్’ ఒక్కటేనా? ‘గెట్’, ‘ఫీల్’ లాంటివి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, అర్థంలో కొద్దిపాటి తేడా వస్తుంది. ‘గెట్ అనాయ్డ్’ అంటే చిరాకు మొదలవడం: ‘షి గెట్స్ అనాయ్డ్ ఈజిలీ’, ఆమెకు ఇట్టే చిరాకొస్తుంది. ‘ఫీల్ అనాయ్డ్’ మనసులోని సంగతి, పైకి కనిపించకపోవచ్చు. ‘లుక్ అనాయ్డ్’ ముఖంలో కనిపించేది, ‘సౌండ్ అనాయ్డ్’ గొంతులో వినిపించేది. ఎదుటివాళ్ల మనసు మనకు తెలియదు కాబట్టి వాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘లుక్స్’, ‘సౌండ్స్’ వాడటం మర్యాదగానూ ఉంటుంది, నిజానికి దగ్గరగానూ ఉంటుంది.

నామవాచకం ముందు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ‘యాన్ అనాయ్డ్ లుక్’ అంటే చిరాకు చూపు. ‘యాన్ అనాయ్డ్ వాయిస్’ అంటే చిరాకు ధ్వనించే గొంతు. మాట అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘ఎ’ కాకుండా ‘యాన్’ రావాలి. ‘యాన్ అనాయింగ్ వాయిస్’ అంటే మాత్రం వేరే సంగతి, వినేవాళ్లకు చిరాకు తెప్పించే గొంతు అని.

ఎక్కువ చిరాకు, ఇంకా ఎక్కువ చిరాకు ఎలా చెప్పాలి?

‘మోర్ అనాయ్డ్’, ‘మోస్ట్ అనాయ్డ్’. చివర ‘ఈఆర్’ తగిలించే పద్ధతి దీనికి లేదు. తగ్గించి చెప్పాలంటే ‘ఎ బిట్’, ‘ఎ లిటిల్’, ‘స్లైట్లీ’. పెంచి చెప్పాలంటే ‘వెరీ’, ‘రియల్లీ’, ‘సో’. ‘యాబ్సల్యూట్లీ’ మాత్రం ‘అనాయ్డ్’ పక్కన అంత అందంగా అమరదు. అది ‘ఫ్యూరియస్’ లాంటి చివరి అంచు మాటలకు సరిపోతుంది. ‘అనాయ్డ్’కు హెచ్చుతగ్గులున్నాయి, ‘ఫ్యూరియస్’ అప్పటికే శిఖరం మీద ఉంది.

## వెనక ఏ మాట రావాలి

‘అనాయ్డ్ ఆన్ మి’ అంటే ఎందుకు తప్పంటున్నారు?

మనం ‘నా మీద చిరాకు పడ్డాడు’ అంటాం. ఆ ‘మీద’ను ‘ఆన్’గా మారుస్తాం. ఇంగ్లిష్‌లో చిరాకు ఎవరి మీదా పడదు, ఒకరి ‘విత్’ ఉంటుంది. ‘హి ఈజ్ అనాయ్డ్ విత్ మి.’ కోపం విషయంలోనూ అంతే, ‘యాంగ్రీ ఆన్ మి’ కాదు, ‘యాంగ్రీ విత్ మి’. వ్యాకరణంలో దీనికి కారణం వెతికితే దొరకదు, ఆ భాష అలవాటు అది. ‘విత్ మి’ని ‘అనాయ్డ్’తో అతికించి ఒకే మాటలా నోటికి పట్టించుకోవడమే మార్గం.

‘విత్’, ‘ఎట్’, ‘అబౌట్’, ‘బై’. ఏది ఎప్పుడు?

మనిషి అయితే ‘విత్’ భద్రమైన ఎంపిక. ‘ఎట్’ కూడా వింటాం, తప్పు కాదు. సంగతి అయితే ‘ఎట్’ లేదా ‘అబౌట్’: ‘అనాయ్డ్ అబౌట్ ద డిలే’, ఆలస్యం గురించి చిరాకు. ‘బై’ పెడితే చిరాకు తెప్పించిన దాని మీద దృష్టి పడుతుంది: ‘అనాయ్డ్ బై ద నాయిస్’, ఆ చప్పుడు వల్ల చిరాకు పడి. ‘ఎట్’, ‘అబౌట్’ల మధ్య తేడా సన్నగా ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడినంత మాత్రాన ఎవరూ తప్పు పట్టరు, టెన్షన్ అక్కర్లేదు. ‘ఆఫ్’ మాత్రం రాదు. అది ‘టైర్డ్ ఆఫ్’, ‘సిక్ ఆఫ్’లకు చెందినది.

మనిషినీ, చేసిన పనినీ కలిపి చెప్పాలంటే?

మనిషికి ‘విత్’, పనికి ‘ఫర్’: ‘షి వజ్ అనాయ్డ్ విత్ హిమ్ ఫర్ కమింగ్ లేట్’, ఆలస్యంగా వచ్చినందుకు ఆమె అతని మీద చిరాకు పడింది. మన ‘వచ్చినందుకు’ ఎక్కడ వస్తుందో ‘ఫర్’ అక్కడే వస్తుంది, కాబట్టి ఇది తేలిగ్గానే అలవాటవుతుంది. ఒక పూర్తి వాక్యమే కారణమైతే ‘దట్’ పెట్టాలి: ‘ఐ యామ్ అనాయ్డ్ దట్ నోబడీ టోల్డ్ మి’, నాకెవరూ చెప్పలేదని చిరాకుగా ఉంది. మాట్లాడేటప్పుడు ఆ ‘దట్’ తరచుగా జారిపోతుంది. ఏదో చూసి, తెలిసి చిరాకేస్తే ‘టు ఫైండ్’: ‘అనాయ్డ్ టు ఫైండ్ ద డోర్ లాక్డ్’, తలుపుకు తాళం వేసి ఉండటం చూసి చిరాకేసింది.

## దగ్గరి మాటలు

‘ఇరిటేటెడ్’ అంటే కూడా ఇదే కదా?

మనుషుల విషయంలో చాలావరకు ఇదే. ‘ఇరిటేటెడ్’లో గీరుకుంటున్నట్టుగా, పదే పదే తగులుతున్నట్టుగా ఒక భావం ఉంటుంది. దానికి శరీరపు అర్థం కూడా ఉండటం అందుకు తోడ్పడింది. చర్మం ఎర్రబడి మంటపుడితే, కళ్లు మండితే ‘ఇరిటేటెడ్ స్కిన్’, ‘ఇరిటేటెడ్ ఐస్’ అంటారు. ‘అనాయ్డ్’కు ఆ అర్థం లేదు. చర్మం అనాయ్డ్ కాదు, మనసే అవుతుంది.

‘ఫ్రస్ట్రేటెడ్’, ‘ఎగ్జాస్పరేటెడ్’, ‘అప్‌సెట్’. వీటిని ఎలా విడదీయాలి?

అనుకున్నది చేయలేకపోతే ‘ఫ్రస్ట్రేటెడ్’. దారిలో గోడ ఉంది, ఎంత తోసినా కదలడం లేదు, ఆ నిస్సహాయత ఇందులో ఉంది. ‘అప్‌సెట్’లో బాధ పాలు ఎక్కువ, కళ్లలో నీళ్లు తిరిగే దాకా వెళ్లొచ్చు. ‘ఎగ్జాస్పరేటెడ్’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దానికి తెలుగులో చక్కటి మాట ఉంది: విసిగి వేసారిపోవడం. ఒకసారి చెప్పాం, రెండుసార్లు చెప్పాం, పదోసారి కూడా అదే తప్పు. అప్పుడు ఓపిక అడుగంటి ‘ఇక నా వల్ల కాదు’ అనిపించే స్థితి అది. ‘అనాయ్డ్’ మొదటిసారికే రావచ్చు. ‘ఎగ్జాస్పరేటెడ్’కు వెనక కొంత చరిత్ర కావాలి.

‘డిస్టర్బ్డ్’ అని వాడితే సరిపోదా?

జాగ్రత్త. ‘ఐ యామ్ డిస్టర్బ్డ్’ అంటే మనసు తీవ్రంగా కలత చెందింది అని వినిపిస్తుంది. మనిషిని వర్ణిస్తూ వాడితే మానసిక స్థితి బాగోలేదన్న అర్థం కూడా వస్తుంది. పనికి అడ్డు తగిలి చిరాకేసిందని చెప్పడమే ఉద్దేశమైతే ‘అనాయ్డ్’ చాలు.

‘నా మీద విసుక్కున్నాడు’ అనడానికి ‘అనాయ్డ్’ సరిపోతుందా?

సగమే చెప్పినట్టవుతుంది. ‘అనాయ్డ్’ లోపలి భావం మాత్రమే, నోరు విప్పినట్టు అందులో లేదు. విసుక్కోవడంలో మాట కటువుగా బయటికి వచ్చింది. దానికి ‘హి స్నాప్డ్ ఎట్ మి’ దగ్గరగా ఉంటుంది. ‘చిర్రెత్తుకొచ్చింది’, ‘ఒళ్లు మండింది’ లాంటివి ‘అనాయ్డ్’ కంటే వేడి మాటలు, ‘రియల్లీ అనాయ్డ్’ నుంచి ‘యాంగ్రీ’ దాకా ఎక్కడైనా పడొచ్చు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా ఇది గుర్తుంటే మంచిది. ప్రతి ‘అనాయ్డ్’ను ‘కోపగించి’ అని రాస్తే పాత్రలన్నీ లేనిపోని కోపిష్టివాళ్లలా కనిపిస్తాయి.

## మనుషులతో వాడేటప్పుడు

ఆఫీసు మెయిల్‌లో ‘ఐ యామ్ అనాయ్డ్’ అని రాయొచ్చా?

రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వ్యాకరణం తప్పు కాదు. కానీ సంగతి పక్కకు పోయి మీ మూడ్ ముందుకు వస్తుంది. చదివినవాళ్లు ఆలస్యాన్ని సరిచేసే బదులు తమను తాము సమర్థించుకోవడం మొదలుపెడతారు. ‘డిసప్పాయింటెడ్’, ‘కన్సర్న్డ్’ లాంటి మాటలు అదే అసంతృప్తిని చెబుతూ పని గురించి మాట్లాడే చోటు ఉంచుతాయి.

‘యు ఆర్ అనాయింగ్’ అని స్నేహితురాలితో అన్నాను, తను బాధపడింది. అంత పెద్ద మాటా?

చనువున్నచోట నవ్వుతూ అంటే చెల్లుతుంది. కానీ ఆ వాక్యం ఆమె చేసిన పని గురించి కాదు, ఆమె గురించే చెబుతోంది. ‘నువ్వే విసిగించే మనిషివి’ అన్నట్టు. చిరాకును దాచుకోనక్కర్లేదు, పని మీదికి మళ్లించండి. ‘ఇట్ అనాయ్స్ మి వెన్ యు ఇంటరప్ట్’ అంటే ‘మధ్యలో అడ్డుపడితే నాకు చిరాకొస్తుంది’ అని. అడ్డుపడటం మానుకోవచ్చు కాబట్టి ఆమెకు సరిదిద్దుకునే దారి ఉంటుంది.

ఎవరైనా నా మీద చిరాకుగా ఉన్నారేమో అని ఎలా అడగాలి?

‘ఆర్ యు అనాయ్డ్ విత్ మి?’ సూటిగా ఉంటుంది, కానీ కటువుగా ఉండదు. ‘యాంగ్రీ’ బదులు ‘అనాయ్డ్’ అని అడగడం వల్ల అవతలివాళ్లు ‘అవును, కొంచెం’ అని ఒప్పుకోవడం కూడా తేలికవుతుంది. మీ వల్లే జరిగిందని తెలిస్తే ‘సారీ ఇఫ్ ఐ అనాయ్డ్ యు’ అనొచ్చు. ఇక్కడి ‘అనాయ్డ్’ విశేషణం కాదు, ‘అనాయ్’ అనే క్రియకు భూతకాలం. చూడటానికి, వినడానికి తేడా ఉండదు.

‘చిరాకు పడకు’ అనడానికి ‘డోంట్ అనాయ్’ సరేనా?

కాదు. ‘డోంట్ అనాయ్’ అంటే ‘విసిగించకు’ అనే వైపు వెళ్తుంది, పైగా ఎవర్ని అన్నది చెప్పకపోవడం వల్ల అసంపూర్తిగా ఉంటుంది. ‘చిరాకు పడకు’ అంటే ‘డోంట్ గెట్ అనాయ్డ్’. నన్ను విసిగించకు అంటే ‘డోంట్ అనాయ్ మి’.